లారీ నడుపువాని నిద్ర

పూర్వము బెల్లపు బండ్లు రాత్రివేళ కామారెడ్డి బజారునకు వచ్చుచుండెడివని మా పెద్దలు చెప్పుదురు. బండివాడు త్రోవలో కునుకు తీసినను, ఎఱిగిన దారిని ఎడ్లే బండిని చేర్చెడివట. ఎడ్లకు కన్నులును గలవు, వివేకమును గలదు. లారీకి ఆ రెండును లేవు. నడుపువాని కన్నులే దాని కన్నులు, వాని బుద్ధియే దాని బుద్ధి. అవి మూతపడినచో దానిని ఆపువా రెవ్వరు?

శ్రీనగరము నుండి కన్యాకుమారి వఱకు గల 44వ నంబరు జాతీయ రహదారి మా కామారెడ్డి మీదుగా పోవుచున్నది. నాగపురము వైపు నుండియు, హైదరాబాదు వైపు నుండియు రేయింబవళ్లు లారీలు వచ్చుచు పోవుచుండును. సదాశివనగరము, భిక్కనూరు ప్రాంతముల మేము బస్సులో పోవునప్పుడు, ధాబాల యొద్ద నిలిపిన లారీల నీడను తువ్వాలు పఱచుకొని పండుకొనిన డ్రైవర్లను చూచుచుందుము. వారిని సోమరులనువారు కలరు. మా తలంపున వారే వివేకులు.

ఏలయన, రాత్రి 2 గంటలు మొదలు 6 గంటల వఱకును, మరల మధ్యాహ్నము 2 గంటలు మొదలు 4 గంటల వఱకును మానవ శరీరమునకు నిద్రమత్తు హెచ్చుగా నుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అట్టివేళ కన్నులు తెఱచి యుండగనే మెదడు కొన్ని సెకండ్లు నిద్రించుటయు కలదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు లారీ 4 సెకండ్లలో దాదాపు 90 మీటర్లు సాగిపోవును. నిద్రించువాడు బ్రేకు వేయడు గదా!

17 గంటలు మేల్కొనియున్నవాని నేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని నేర్పువలెనే తగ్గునని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మన దేశమున 30 మిల్లీగ్రాములు దాటినచో నేరము. త్రాగినవానిని పోలీసువారు గొట్టము నూదించి పట్టుకొందురు. నిద్రలేనివానిని పట్టుకొను గొట్టము వారియొద్ద లేదు.

టీ, బీడీ, పాటలు, మొగమున చల్లుకొనిన నీరు, ఇవి యన్నియు కొంతసేపటి మాటలే. నిద్రకు బదులు నిద్రయే. లక్ష్మణుని నిద్రను ఊర్మిళ తాను నిద్రించి తీర్చినదని మన స్త్రీలు పాడుకొందురు. లారీ నడుపువాని యిల్లాలు ఎంత నిద్రించినను మగని కన్నుల భారము తగ్గునా?

అట్లైన వా రేల నిద్రింపరు? మా ఎల్లారెడ్డి వైపు వరికోతల కాలమున చూచినచో తెలియును. కొనుగోలు కేంద్రమున బస్తాలు నింపుకొనిన లారీలు మిల్లుల యెదుట బారులు తీరి నిలుచును. వరుస తప్పునేమో యని డ్రైవరు రాత్రియంతయు కునుకు తీయడు. దిగుమతి ముగిసినంతనే మఱియొక లోడు సిద్ధము. లింగంపేట మీదుగా తెల్లవాఱకమునుపే కామారెడ్డి చేరవలెనని యజమాని ఫోను! ఆలస్యము ఒకచోట, దానిని తీర్చవలసిన కన్నులు మఱియొకచోట.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనియు, 5 గంటల పనికి పిమ్మట కనీసము అరగంట విశ్రాంతియు, రెండు దినముల పనికి నడుమ 9 గంటల యెడతెగని విరామమును విధించెను. చట్టము చేసినవారు అరువదియేండ్లకు పూర్వమే ఎఱిగిన సంగతిని సరకు కొఱకు తొందరపెట్టు మనము మఱచుట న్యాయమా?

కావున లారీ యజమానులకును, వర్తకులకును మా మనవి యొక్కటే: సరకు చేరు వేళను లెక్కించునప్పుడు నిద్రకు పట్టు వేళను కూడ లెక్కించుడు. దూరప్రయాణమునకు రెండవ డ్రైవరును పంపుడు. నడుపువారికి మా విన్నపము: ఆవులింతలు వచ్చినను, రెప్పలు బరువెక్కినను, రోడ్డు విడిచి ధాబా ఆవరణముననో, లారీలు నిలుపు స్థలముననో ఆగి, ఇరువది నిమిషములైనను నిద్రింపుడు. రోడ్డుమీదనే నిలిపి నిద్రించుట మఱియొక ప్రమాదము.

తోడి విద్యార్థులారా! మీలో లారీ నడుపు తండ్రులు, అన్నలు గలవారు కలరు. వారు లారీ నిలిపి ఫోను చేసినప్పుడు "బాపూ, ఎప్పుడు వచ్చెదవు?" అని అడుగుటకు మున్ను "బాపూ, కంటినిండ నిద్రపోయితివా?" అని అడుగుడు. ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు అని సామెత. నిద్ర స్థలమును కూడ ఎఱుగదు. పఱుపుమీద వచ్చినట్లే స్టీరింగు ముందును వచ్చును. ఒక పూట ఆలస్యముగ నింటికి వచ్చు తండ్రియే మనకు కావలసిన తండ్రి.