కనుమ దాటించిన పేలపిండి

వీపున సంచి, ఎదురుగా మంచుకొండ. పొయ్యి మీద పప్పు ఉడకదు, నోటికి ఏదీ సహించదు. అలాంటి చోట పొద్దున్నే ఏం తిని నడవాలి? లద్దాఖ్‌లోని మార్ఖా లోయ చెప్పే జవాబు మన తొలి ఏకాదశి పళ్లెంలోనే ఉంది!

తెల్లవారుజాము ఐదు గంటలు. నీమలింగ్ మైదానం. డేరా గుడ్డ మీద రాత్రి పడ్డ మంచు గట్టిపడి, తడితే చాలు పెళపెళా రాలుతోంది. ఎదురుగా 6,400 మీటర్ల కాంగ్ యాత్సే శిఖరం మీద అప్పుడప్పుడే వెలుగు పడుతోంది. ఆగస్టు నెల. అయినా వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురి బృందం ఆ రోజు కాంగ్మారు లా కనుమ దాటాలి. నలుగురు తయారయ్యారు. ఐదో మనిషి, 58 ఏళ్ల టీచరమ్మ, డేరాలోంచి కదల్లేదు. తమ్ముడి భార్య నూడుల్స్ గిన్నె పట్టుకొచ్చి, ‘రెండు ముద్దలు తినండి వదినా’ అని బతిమాలింది. ‘వద్దమ్మా, నోటికి సహించట్లేదు’ అని ఆవిడ తల అడ్డంగా ఊపారు. ముందు రోజు రాత్రి కూడా అంతే. అన్నం కలిపి పక్కన పెట్టేశారు.

గైడ్ వచ్చాడు. తలనొప్పి ఉందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాడు. నాలుగడుగులు తిన్నగా నడిపించి చూశాడు. అవేం లేవు. అయినా అతను మొహమాటపడలేదు. ‘కడుపులో ఏదైనా పడాలి. పడి నిలవాలి. గంట చూద్దాం. లేకపోతే మీరు పైకి కాదు, కిందికే’ అన్నాడు. ఐదు రోజుల నడక. చివరి కనుమ. అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరగడమా?

అప్పుడు ఆవిడ సంచి అడుగు నుంచి ఓ చిన్న గుడ్డమూట తీశారు.

పప్పు ఎందుకు ఉడకదంటే...

నీమలింగ్ సముద్రమట్టానికి దాదాపు 4,800 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన ఊళ్లలో ఉండేదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఒత్తిడి తగ్గితే నీళ్లు తొందరగా మరుగుతాయి. మన దగ్గర 100 డిగ్రీలకు మరిగే నీళ్లు అక్కడ 84 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. మంట ఎంత పెంచినా అంతకుమించి వేడెక్కవు. కుక్కర్ లేకపోతే పప్పు గంటల తరబడి ఉడుకుతూనే ఉంటుంది. అన్నం పైన మెత్తగా, లోపల పలుకుగా మిగులుతుంది. మోసుకెళ్లిన గ్యాసు మాత్రం అయిపోతుంది!

రెండో చిక్కు ఆకలిది. ఎత్తుకు వెళ్లేకొద్దీ చాలామందికి ఆకలి మందగిస్తుంది. నడకకు శక్తి ఎక్కువ కావాలి, నోరేమో వద్దంటుంది. పొడిగాలిలో ఎగశ్వాసతో నడవడం వల్ల ఒంట్లో నీరు కూడా వేగంగా తగ్గుతుంది. నమలడానికి ఓపిక లేనప్పుడు తాగగలిగేదే తిండి. అందుకే వీపున సంచితో తిరిగేవాళ్లలో పొడులతో చేసుకునే ‘స్మూతీ’కి అంత ఆదరణ. పిండి, పాలపొడి, గింజల పొడి కలిపి సీసాలో వేసి ఊపితే అల్పాహారం సిద్ధం. మిక్సీ అక్కర్లేదు. పొయ్యి కూడా తప్పనిసరి కాదు.

బరువు లెక్కా ఉంది. పండ్లలో, పాలలో ఎక్కువ భాగం నీళ్లే. కొండమీదికి నీళ్లు మోసుకెళ్లడం ఎందుకు? ఎండబెట్టి, వేయించి, దంచి తీసుకెళ్తే సారం సంచిలో ఉంటుంది. నీళ్లు దారిలో వాగు ఇస్తుంది.

వాగు వెంట లోయలోకి

మార్ఖా లోయ లే పట్టణానికి దక్షిణాన ఉంది. లే నుంచి జీపులో బయల్దేరితే నిమ్ము దగ్గర సింధు, జంస్కార్ నదుల సంగమం కనిపిస్తుంది. రెండు రంగుల నీళ్లు పక్కపక్కనే సాగి ఒకటైపోతాయి. అక్కణ్నుంచి జంస్కార్ ఒడ్డునే వెళ్తే చిల్లింగ్. రాగి, ఇత్తడి పాత్రల పనివాళ్లకు పేరుపడ్డ ఊరు. నది దాటి స్కియు చేరితే మార్ఖా వాగు ఎదురొస్తుంది. ఇక రోజుల తరబడి అదే తోడు. చుట్టూ ఎర్రటి, ఊదా రంగు కొండలు. గడ్డిపోచ మొలవని ఆ కొండల మధ్య, వాగు పారిన చోట మాత్రం పచ్చటి బార్లీ చేలు! ఎవరో చాప పరిచినట్టు ఉంటాయి.

ఈ లోయ హెమిస్ జాతీయ పార్కులో భాగం. 1981లో ఏర్పాటైన ఈ పార్కు మంచు చిరుతకు ఆలవాలం. చిరుత కనబడటం అదృష్టం. నీలిగొర్రెలు, బొరియల్లోంచి తొంగిచూసే మర్మోట్‌లు మాత్రం తరచూ పలకరిస్తాయి. పూటకూళ్ల ఇళ్లలాగా ఊళ్లలో ఇళ్లవాళ్లే గదులిచ్చి భోజనం పెడతారు. ఊరికీ ఊరికీ మధ్య పారాచూట్ గుడ్డతో వేసిన గుడారాల్లో ఆడవాళ్లు టీ కాచి అమ్ముతారు. ఈమధ్య లోయలోకి రోడ్డు చొచ్చుకొచ్చింది. కింది ఊళ్లకు ఇప్పుడు వాహనాలు వెళ్తున్నాయి. పై భాగం, కనుమ మాత్రం ఇప్పటికీ కాళ్లకే వదిలేసి ఉన్నాయి.

రెండు పిండ్లు, ఒకే వాసన

టీచరమ్మ మూటలో ఉన్నది జొన్న పేలాల పిండి. తొలి ఏకాదశికి చేసిందే ఇంకొంచెం ఎక్కువ చేసి, మిగతా సరుకుతో పాటు పొట్లం కట్టుకున్నారు. లేలో సంచులు సర్దుతున్నప్పుడు కుర్రాళ్లు నవ్వారు కూడా. వాళ్ల దగ్గర వెనిల్లా వాసన వేసే ప్రోటీన్ డబ్బాలున్నాయి మరి! మూడో రోజుకల్లా ఆ తీపి వాసనకే వాళ్లకి మొహం మొత్తింది.

మార్ఖా ఊళ్లో బస చేసిన రాత్రి ఓ చిన్న సంగతి జరిగింది. ఇంటావిడ ‘జూలే’ అని పలకరించి, వంటగదిలో పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. పెద్దావిడ. అందరూ ‘అమా-లే’ అంటారు, అంటే ‘అమ్మగారూ’ అన్నట్టు. చెక్క చిలుకుతో ఉప్పు, వెన్న వేసి చిలికిన గుర్‌గుర్ చాయ్ పోసింది. చిలికేటప్పుడు వచ్చే చప్పుడే దాని పేరు. తర్వాత ఓ చెక్క గిన్నెలో లేత గోధుమరంగు పిండి పెట్టింది. అది ఙంఫే. టిబెటన్లు త్సంపా అంటారు. వేయించిన బార్లీ పిండి. చాయ్‌లో కలిపి ముద్దచేస్తే ఖోలాక్. పొద్దున పొలానికి, పశువుల వెంట పై మైదానాలకు వెళ్లేవాళ్లకి తరతరాలుగా ఇదే బలం.

టీచరమ్మ ఆ పిండి వాసన చూసి ఆగిపోయారు. ఎలా చేస్తారని గైడ్ ద్వారా అడిగించారు. బార్లీ కడిగి, ఆరబెట్టి, పెనంలో ఇసుక కాల్చి అందులో గింజలు పోసి వేయిస్తారట. తర్వాత జల్లించి, వాగు మీది నీటి తిరగలిలో విసురుతారట. ఆవిడ నవ్వేశారు. వాళ్లమ్మ మంగలంలో ఇసుక పోసి జొన్నపేలాలు వేయించింది సరిగ్గా అలాగే! గింజకు నిప్పు తగలదు. ఇసుక వేడి అన్ని వైపుల నుంచీ సమంగా అందుతుంది. మాడకుండా లోపలిదాకా ఉడికిపోతుంది. ఇక దానికి పొయ్యితో పనిలేదు.

అసలు రహస్యం అదే. వేయించిన పిండి ఇంటి దగ్గరే వండుకున్న అన్నం. పప్పు ఉడకని ఎత్తులో ఉండేవాళ్లు ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. మన పేలపిండి, బతుకమ్మ నాటి సత్తుపిండి, బిహార్ కూలీల సత్తు... అన్నీ ఆ కోవలోవే. మనం వాటిని పండక్కి పరిమితం చేశాం. వాళ్లు నిత్యం తింటున్నారు. అక్కడా మార్పు రాకపోలేదు. రేషన్ బియ్యం, ప్యాకెట్ నూడుల్స్ లోయలోకి వచ్చాక పిల్లలు ఙంఫే అంటే మొహం తిప్పుకుంటున్నారని అమా-లే చెప్పింది. మన ఇళ్లలో వినబడే మాటే!

పొద్దున బయల్దేరేటప్పుడు ఇద్దరూ చెరో నాలుగు గుప్పిళ్ల పిండి మార్చుకున్నారు. అమా-లే పేలపిండి అరచేతిలో వేసుకుని నాకి చూసి, బెల్లం రుచికి చిన్నపిల్లలా నవ్వింది.

సీసాలో అల్పాహారం

ఇంట్లోనే ఒక్కో పూటకు ఒక్కో పొట్లం కట్టుకోవడం మంచిది. ఒకరికి, ఒక ఉదయానికి కొలతలివీ. జొన్న పేలపిండి (లేదా వేయించిన బార్లీ పిండి) 30 గ్రాములు. పుట్నాల పొడి 25. వెన్న తీయని పాలపొడి 25. వేయించిన బాదం లేదా వేరుశెనగ పొడి 10. బెల్లం పొడి 15. చిటికెడు ఏలకుల పొడి, శొంఠి, రవ్వంత ఉప్పు. మొత్తం 105 గ్రాములు. సుమారు 400 క్యాలరీలు, 15 గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి. వారం రోజులకు కలిపి ముప్పావు కిలో కూడా బరువుండదు.

రాగిపిండి వాడొచ్చా? భేషుగ్గా. అందులో కాల్షియం పుష్కలం. అయితే పచ్చి రాగిపిండిని వేడినీళ్లలో కలుపుకుని తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించినదైనా కొద్ది నిమిషాలు కాచి తాగడమే మేలు. పొయ్యి వెలిగించే ఉద్దేశం లేకపోతే పేలపిండి, పుట్నాలే దారి.

కలపడంలోనూ కిటుకుంది. వెడల్పు మూతి సీసాలో ముందు గ్లాసులో మూడోవంతు గోరువెచ్చటి నీళ్లు పోయాలి. ఆ తర్వాతే పొడి వేసి ఊపాలి. పొడి ముందు వేస్తే అడుగున గడ్డకట్టి కదలదు. మరీ వేడినీళ్లయితే పాలపొడి ఉండలు కడుతుంది. పైగా మూత బిగించి ఊపితే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. జారుగా అయ్యాక మిగతా నీళ్లు పోసి, రెండు నిమిషాలాగి తాగాలి. లద్దాఖ్ ఎండు ఆప్రికాట్లు రాత్రే నానబెట్టుకుంటే పొద్దున చిదిమి కలుపుకోవచ్చు. పండ్ల రుచి కూడా తోడవుతుంది. తాగిన వెంటనే సీసా కడిగేయాలి. ఆలస్యమైతే ఆ వాసన ప్రయాణమంతా వదలదు.

గుక్కెడు గుక్కెడుగా...

మళ్లీ నీమలింగ్ డేరాకి వద్దాం. టీచరమ్మ మూటలోంచి రెండు పిండ్లూ తీసి కలిపారు. తమ్ముడి భార్య గోరువెచ్చటి నీళ్లు పోసి సీసా ఊపింది. ఆవిడ ఒక గుక్క తాగి ఆగారు. కాసేపటికి ఇంకో గుక్క. ఎవరూ తొందరపెట్టలేదు. అరగంటలో సగం సీసా అయింది. గంటకి మొత్తం ఖాళీ. తాగింది నిలిచింది. గైడ్ మరోసారి నడిపించి చూసి, ‘నెమ్మదిగా’ అన్నాడు. ఆ మాటే కనుమ దాకా చెబుతూ వచ్చాడు.

దాదాపు 5,200 మీటర్ల ఎత్తున రంగురంగుల ప్రార్థన జెండాలు రెపరెపలాడే చోట అందరికంటే చివరగా చేరింది ఆవిడే. ప్రోటీన్ డబ్బా కుర్రాడు సంచి దించి, కాస్త సిగ్గుగానే అడిగాడట... ‘ఆంటీ, ఆ పిండి ఇంకేమైనా మిగిలిందా?’ అని. మిగిలింది. ఒక్క గుప్పెడు. ఐదుగురి అరచేతుల్లోకి తలా చిటికెడు వచ్చింది.

పేలపిండి కొండ జబ్బుకి మందేమీ కాదు. అది నడిచే మనిషికి కాస్త ఓపికనిస్తుంది, అంతే. ఆ ఓపికే ఒక్కోసారి కనుమకు అటూ ఇటూ తేడా.

వెళ్లాలనుకుంటే...

* జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. ఢిల్లీ నుంచి లేకి విమానాలున్నాయి. మనాలి, శ్రీనగర్‌ల నుంచి వేసవిలో రోడ్డు మార్గం ఉంటుంది.

* లే ఎత్తే దాదాపు 3,500 మీటర్లు. దిగిన వెంటనే నడక మొదలెట్టకండి. కనీసం రెండు మూడు రోజులు విశ్రాంతిగా ఉండి ఒంటిని అలవాటు చేసుకోండి.

* ఆకలి తగ్గడం ఎత్తు ప్రభావానికి తొలి గుర్తు కూడా కావచ్చు. దానికి తలనొప్పి, వాంతులు, తూలడం, కూర్చున్నా ఆయాసం తోడైతే ఏం తాగాలని ఆలోచించొద్దు. వెంటనే కిందికి దిగాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి.

* వాగు నీళ్లు కాచి గానీ, శుద్ధిచేసి గానీ తాగాలి. అంత ఎత్తులో మరగడం మొదలయ్యాక ఇంకో మూడు నిమిషాలు ఉంచితే మంచిది.

* మధుమేహం ఉన్నవాళ్లు బెల్లం మానేయొచ్చు. పాలు పడనివాళ్లు పాలపొడి బదులు పుట్నాలు, వేరుశెనగ పొడి పెంచుకోవచ్చు.

* ఖాళీ కవర్లు లోయలో పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి. గుడ్డ సంచి అయితే ఆ బాధే ఉండదు!