కుర్చీ ఫోను, మనిషి ఫోను

డెస్క్ ఫోన్ కుర్చీది. ల్యాప్‌టాప్‌లోనో మొబైల్‌లోనో యాప్‌గా ఉండే సాఫ్ట్‌ఫోన్ మనిషిది. ఆఫీసుకు ఏది కొనాలన్న చర్చ ధరతో మొదలైనా చివరికి తేలేది ఈ తేడా మీదే. రిసెప్షన్‌లో పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు కూర్చుంటారు. ఎవరున్నా ఆ బల్లమీదే మోగాలి. సేల్స్ కుర్రాడు ఇవాళ మాదాపూర్‌లో, రేపు బెజవాడలో. నంబరు అతని వెంటే తిరగాలి.

లోపలి పద్ధతి రెండింటికీ సాధారణంగా ఒకటే: 1999లో ప్రమాణంగా వెలువడి, 2002లో సవరణ పొందిన సిప్ అనే, కాల్ కలిపే ప్రోటోకాల్. మాట ప్యాకెట్లుగా తెగి వెళుతుంది. గొంతును డిజిటల్‌గా మార్చే పాత జి.711 కోడెక్‌తో ఈథర్‌నెట్ మీద ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు దాదాపు 87 కిలోబిట్లు చాలు. కాబట్టి గొంతు తెగిపోతుంటే నెట్ స్పీడును తిట్టడం చాలాసార్లు దండగ. ప్యాకెట్లు ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా చేరడమే అసలు చిక్కు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ చెబుతుంది. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒక్కసారే మాట్లాడతారు, ఒక్కసారే ఆగుతారు, మళ్లీ ఒక్కసారే "చెప్పండి" అంటారు.

డెస్క్ ఫోన్‌కు వేరే పని లేదు, అదే దాని బలం. రిసెప్షనిస్టు రిసీవర్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒక చేత్తో రిజిస్టరు తిప్పుతూ, చూడకుండానే ట్రాన్స్‌ఫర్ నొక్కేస్తుంది. అకౌంట్స్ ఎక్స్‌టెన్షన్ పక్కన ఎర్రదీపం వెలిగితే అక్కడి మనిషి వేరే కాల్‌లో ఉన్నట్టే. స్క్రీన్‌మీద పది కిటికీల కింద దాక్కున్న యాప్‌తో అంత చురుకు రాదు.

సాఫ్ట్‌ఫోన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ముద్దాయి హెడ్‌సెట్. పాటలు కమ్మగా వినిపించే బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు తెరిచేసరికి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. రెండు వైపులా గొంతు మోసే తక్కువ నాణ్యత మోడ్‌కు అది దిగిపోతుంది మరి. వైరున్న యూఎస్‌బీ హెడ్‌సెట్‌కు ఆ బెడద లేదు.

కరెంటు పోతే? పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్‌ఛేంజీయే కరెంటు పంపేది. ఐపీ డెస్క్ ఫోన్ చాలాచోట్ల నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు తీసుకుంటుంది. ఆ కేబుల్‌కు కరెంటిచ్చే నెట్‌వర్క్ స్విచ్‌కు యూపీఎస్ లేకపోతే మూగబోతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా వైఫై పెట్టె ఆరిపోతే అంతే సంగతులు.

ఉద్యోగి మానేసిన రోజు డెస్క్ ఫోన్ బల్లమీదే ఉంటుంది. సాఫ్ట్‌ఫోన్ లాగిన్‌ను మాత్రం ఐటీవాళ్లు ఆ సాయంత్రమే మూసేయాలి. మరిచిపోతే మర్నాడు కస్టమర్ కాల్ అతని జేబులో మోగుతుంది.