స్నేహం, స్నిగ్ధత, రెండు పలకలు



తెలుగులో శాస్త్ర పరిభాష అనగానే ముఖం చిట్లించేవారు చాలామంది. పాఠ్యపుస్తకాలలోని కొన్ని మాటలు కొరుకుడు పడవన్నది నేనూ కాదనను. కాని ‘విస్కాసిటీ’కి ‘స్నిగ్ధత’ అని పేరు పెట్టినవారెవరో గాని వారికి చేతులెత్తి మొక్కాలి. స్నేహం, స్నిగ్ధం ఒకే ధాతువు బిడ్డలు. స్నేహమంటే చెలిమి, ఆయుర్వేదంలో స్నేహమంటే నెయ్యి, నూనె. మన తెలుగులోనూ నెయ్యం, నెయ్యి పక్కపక్కనే కూర్చున్నాయి. తర్కశాస్త్రమైతే స్నేహాన్ని ఒక గుణంగానే లెక్కించింది. పిండిని ముద్దగా కట్టించేది అదేనట. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవత్వం వేరు, స్నేహం వేరు. పారడం ఒక గుణం, పట్టుకోవడం మరొక గుణం.

ఈ విచారమంతా మా మేనల్లుడి కూతురి వలన వచ్చింది. ఇంటరు దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులో చేరిన పిల్ల. రెండు సమాంతర పలకల నడుమ స్నిగ్ధ ద్రవం ఎలా ప్రవహిస్తుందన్న పాఠం దగ్గర ఆగిపోయింది. “సూత్రం కంఠతా వచ్చు తాతయ్యా, అది దేని గురించో తెలియడం లేదు. తెలుగులో చదివిందంతా వృథా అయినట్టేనా?” అంది. ఆ చివరి మాట ములుకులా గుచ్చుకుంది. గణితం నా విద్య కాదు. అయినా ఆమె పుస్తకం, నా మాటలు కలుపుకొని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం.

మొదట తేల్చుకోవలసింది, స్నిగ్ధత అంటే బరువు కాదని. పాదరసం నీటికంటె పదమూడున్నర రెట్లు బరువు. దాని స్నిగ్ధత మాత్రం నీటికి ఒకటిన్నర రెట్లే. ఆముదం నీటి మీద తేలుతుంది. స్నిగ్ధతలో నీటిని కొన్ని వందల రెట్లు మించుతుంది. అదే ఆముదాన్ని వెచ్చచేస్తే చురుకుగా పారుతుంది. ‘చిక్కదనం’ అన్న వాడుక మాటలో ఈ రెండూ కలగాపులగమై పోతాయి. పండితుడు పెట్టిన మాటే ఇక్కడ నిక్కమైనది.

ఇక పలకలు. తాళపత్ర గ్రంథాన్ని తలచుకోమన్నాను. పైన ఒక చెక్క, కింద ఒక చెక్క, నడుమ ఆకుల దొంతర. తాడు విప్పి, కింది చెక్కను కదలనీయక పై చెక్కను మెల్లగా నెట్టండి. పై ఆకు చెక్కతో పోతుంది, దాని కింది ఆకు కొంచెం వెనుకబడుతుంది, అట్టడుగు ఆకు కదలదు. ద్రవం పొరలు కూడా అంతే. చెక్కను తాకిన పొర చెక్కను వదలదు. ఈ నియమానికి ‘జారనితనం’ అని పేరు పెట్టుకున్నాం. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పండి. వేగం కిందినుండి పైకి సమానంగా పెరుగుతుంది. ఇది కూయెట్ ప్రవాహం. మోరిస్ కూయెట్ 1890లో ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు స్థూపాలతో ప్రయోగం చేశాడు. నడిమి సందు సన్ననిది కనుక అవీ పలకల వంటివే.

రెండు చెక్కలూ కదలకుండా, ఒక కొసనుండి పీడనంతో ద్రవాన్ని తోస్తే కథ మారుతుంది. రెండు అంచుల పొరలూ చెక్కలను అంటిపెట్టుకొని నిలుస్తాయి, నడిమి పొర అన్నిటికంటె ముందుకు పోతుంది. ఆ వేగాలను గీస్తే పరావలయం వస్తుంది. నడుమ వేగం సగటుకు సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఆ గీత గీసి చూపినప్పుడు పిల్ల ముఖం విప్పారింది. ప్రతి పొరా వెనుకనున్న పొరను ముందుకు లాగుతుంది, తాను దానిచేత వెనక్కు లాగబడుతుంది. పొరుగు పొరను వదలలేని ఈ గుణానికి స్నేహం కాక మరేం పేరు పెడతాం?

ఈ ప్రవాహానికి పాజాయ్ పేరు తగిలించారు. ఆయన ఫ్రెంచి వైద్యుడు. రక్తం సన్నని నాళాలలో ఎలా పారుతుందో తెలుసుకోవాలని 1840ల నాటికి గాజు గొట్టాలలో నీటిని కొలిచాడు. పలకలు ఆయనవి కావు. గొట్టంలో వ్యాసార్ధాన్ని సగం చేస్తే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. పలకల నడుమ సందును సగం చేస్తే ఎనిమిదో వంతుకు. ఒకచోట నాలుగో ఘాతం, ఒకచోట మూడో ఘాతం. ఈ ఒక్క తేడా కోసం ఒక సాయంత్రమంతా పట్టింది. తన పుస్తకంలో అంచున ‘ఎనిమిదో వంతు’ అని తెలుగులోనే రాసుకుంది.

నాకు మిక్కిలి నచ్చింది మాత్రం కందెన సంగతి. రైలు చక్రాల ఇరుసును నూనె పొర ఎలా మోస్తుందో 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణితంతో తేల్చాడు. తిరిగే ఇరుసు నూనెను ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. అక్కడ పుట్టిన పీడనమే అంత బరువునూ ఎత్తి పట్టుకుంటుంది, లోహం లోహాన్ని తాకదు. విచిత్రమేమిటంటే, ఆ రెండు తలాలూ కచ్చితంగా సమాంతరంగా ఉంటే ఈ మోసే బలం పుట్టనే పుట్టదు. సందు ఒకవైపుకు సన్నగిల్లుతూ పోవాలి. మా ఊరి ఎడ్లబండి చక్రం ఇరుసు మీద మెల్లగా తిరిగేది, అంత పూర్తి పొర ఏర్పడడానికి వేగం చాలదు. అందుకే కాబోలు, దూరప్రయాణానికి ముందు మా నాన్నగారు కందెన గిన్నె తప్పక వెంట పెట్టించేవారు.