కిటుకంతా చిల్లుల్లోనే

చొక్కా గుండీ అంత ఉంటుంది. తెలుపో నలుపో ప్లాస్టిక్. మధ్యలో కడ్డీ దూరడానికి ఒక రంధ్రం, దాని చుట్టూ రెండో మూడో సన్నటి చిల్లులు. చేయి జారితే గచ్చు మీద పాకుతూ వెతుక్కోవాల్సిందే. రేడియో కంట్రోల్ కార్లతో పందేలాడేవాళ్లు మోటార్ గురించి, బ్యాటరీ గురించి, టైర్ల గురించి గంటల తరబడి వాదించుకుంటారు. ఈ గుండీ సంగతి మాత్రం అన్నిటికంటే ఆఖర్న, అదీ కారు మాట వినడం మానేశాక గుర్తొస్తుంది. మలుపులో కారు ఎంత త్వరగా ఒరగాలో, గాల్లోంచి దిగినప్పుడు నేలను కరుచుకుంటుందో బంతిలా ఎగిరిపడుతుందో చాలావరకు తేల్చేది మాత్రం అదే. దాని పేరు షాక్ అబ్జార్బర్ పిస్టన్.

బొమ్మల దుకాణంలో దొరికే రిమోట్ కార్ల సంగతి కాదిది. అసలు బండిలో పదో వంతు, ఎనిమిదో వంతు కొలతలతో, విడి భాగాలు కొని బిగించుకుని, మట్టి ట్రాకుల మీద ఎగిరిస్తూ నడిపే కార్లు ఇవి. కొలతలు తగ్గాయి కదా అని దెబ్బలు తగ్గవు. భూమ్యాకర్షణకు స్కేలు తెలియదు. పదో వంతు కారు మీటరు ఎత్తు నుంచి కింద పడితే అసలు కారు పది మీటర్లు, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టే. నేల తాకే వేళకు దాని వేగం గంటకు దాదాపు 16 కిలోమీటర్లు. ఆ దెబ్బను మింగడానికి దానికి ఉన్నది బొటనవేలంత పొడవు సిలిండర్లు నాలుగు, వాటిలో కొన్ని చుక్కల సిలికాన్ నూనె.

నూనె లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1984కు వెళ్లాలి. జపాన్‌కు చెందిన టమియా కంపెనీ ఆ ఏడాది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం గ్రాస్‌హాపర్ అనే కారు తెచ్చింది. అందులో ఉన్నవి ఉత్త స్ప్రింగులు, వాటిని నామమాత్రంగా పట్టి ఉంచే రాపిడి. మిడత అన్న పేరుకు తగ్గట్టే అది గతుకు గతుకుకీ ఎగిరేది. పిల్లలకు ఆ ఎగరడమే సరదా. అదే ఏడాది కాలిఫోర్నియాలో అసోసియేటెడ్ సంస్థ తెచ్చిన ఆర్‌సీ10లో అల్యూమినియం సిలిండర్లు, వాటిలో నూనె, నూనెలో పిస్టన్ ఉన్నాయి. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోనే డెల్‌మార్‌లో ఈ తరహా కార్లకు జరిగిన తొలి ప్రపంచ పోటీలో టూవీల్ డ్రైవ్ టైటిల్‌ను జే హాల్సీ గెలుచుకున్నది ఆర్‌సీ10తోనే. ఆ గెలుపంతా షాకులదే అంటే అతిశయోక్తి. కానీ ఆ తర్వాత నూనె లేని షాకులతో మట్టి ట్రాకు మీద పందేనికి దిగాలని సీరియస్‌గా అనుకున్నవాళ్లు పెద్దగా లేరు.

స్ప్రింగుకు దాచుకోవడం రాదు. మింగిన దెబ్బను వెంటనే కక్కేస్తుంది. ఫోర్కులో ఆయిల్ కారిపోయిన మోటార్ సైకిల్ స్పీడ్ బ్రేకర్ దాటాక ముక్కు పైకీ కిందికీ ఊగడం బండి నడిపేవాళ్లందరికీ తెలుసు. ఆ ఊగడాన్ని ఆపేది నూనె. పిస్టన్ కదిలినప్పుడు సిలిండర్‌లో ఒక పక్కనున్న నూనె రెండో పక్కకు వెళ్లాలి. దారి ఆ చిల్లులే. ఇరుకు దారిలో పడిన శ్రమ వేడిగా మారిపోతుంది. స్ప్రింగు తిరిగి ఇవ్వాలనుకున్న శక్తి అక్కడే ఖర్చయిపోతుంది.

ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. నూనె అన్ని వేళలా ఒకే తీరున అడ్డుపడదు. చెరువులో చేతిని మెల్లగా ముంచితే నీళ్లు పక్కకు జరిగి దారిస్తాయి. అరచేత్తో గట్టిగా చరిస్తే అవే నీళ్లు బండరాయిలా తగులుతాయి. షాకులో కూడా రెండు రకాల ప్రతిఘటన ఉంటుంది. పిస్టన్ నెమ్మదిగా కదిలేటప్పుడు, అంటే కారు మలుపులో ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు వంగేటప్పుడు, పెత్తనం నూనె చిక్కదనానిది. వేగం రెట్టింపైతే అడ్డు కూడా రెట్టింపవుతుంది, అంతే. పిస్టన్ విసురుగా కదిలినప్పుడు, అంటే ఎగిరి దిగినప్పుడు, గాడిలో పడినప్పుడు, చిక్కదనం వెనక్కి తగ్గుతుంది. నూనె బరువు ముందుకొస్తుంది. అంత నూనెను అంత చిన్న చిల్లులోంచి ఉన్నపళంగా తోయాలి. అప్పుడు వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. పందేలవాళ్లు దీన్ని సుడి అనీ, టర్బులెన్స్ అనీ అంటుంటారు. అంత చిక్కటి నూనె అంత సన్నటి చిల్లులో నిజంగా సుడులు తిరగడం అరుదే. పేరు ఏదైనా వాళ్ల చేతికి తెలిసింది మాత్రం నిజమే. విసురు దెబ్బకు షాకు గడ్డకట్టినట్టు బిగుసుకుపోతుంది. దీనికి వాళ్ల మాట 'ప్యాక్ అవడం'.

నెమ్మది కదలిక లెక్కను మొదట తేల్చినవాళ్లలో ఒకరు ఇంజనీరు కాదు, వైద్యుడు. ఫ్రాన్స్‌కు చెందిన ప్వాజోయ్ సన్నటి రక్తనాళాల్లో రక్తం ఎలా ప్రవహిస్తుందో తెలుసుకోవాలనుకుని గాజు గొట్టాల్లో ద్రవాలు పారించి చూశారు. 1840ల్లో వెలువడిన ఆయన ఫలితం ఒక్క ముక్కలో చెప్పాలంటే, గొట్టం వెడల్పు కొంచెం తగ్గితే ప్రవాహం చాలా తగ్గుతుంది, అదీ నాలుగో ఘాతంలో. వెడల్పు సగమైతే ప్రవాహం పదహారో వంతు. గుండె జబ్బుల డాక్టర్లకు ఇది పాత పాఠం. బొమ్మ కారు పిస్టన్‌కూ ఇదే పాఠం.

పదో వంతు బగ్గీల్లో బాగా వాడుకలో ఉన్న రెండు పిస్టన్లు తీసుకుందాం. రెండింటికీ రెండేసి చిల్లులు. ఒకదానిలో చిల్లు వెడల్పు 1.7 మిల్లీమీటర్లు, రెండో దానిలో 1.6. తేడా మిల్లీమీటరులో పదో వంతు, అంటే మామూలు తెల్ల కాగితం మందం. కంటికి కనిపించదు. కానీ నాలుగో ఘాతం లెక్క వేస్తే 1.6 పిస్టన్ నెమ్మది కదలికలో 27 శాతం ఎక్కువ అడ్డుపడుతుంది. దాన్ని సరిచేయడానికి పందెగాడు పలచటి నూనె పోస్తాడు. అసోసియేటెడ్ సీసాల లెక్కలో 30 వెయిట్ నూనె చిక్కదనం 350 సెంటీస్టోక్‌లు, 25 వెయిట్‌ది 275. ఈ రెండింటి మధ్య తేడా కూడా సరిగ్గా 27 శాతమే. కాబట్టి 1.7 చిల్లులతో 350 నూనె, 1.6 చిల్లులతో 275 నూనె బల్ల మీద పెట్టి చేత్తో నొక్కి చూస్తే ఒకటే. కళ్లు మూసుకుని నొక్కితే ఏది ఏదో చెప్పడం కష్టం.

ట్రాకు మీద ఆ రెండూ ఒకటి కావు. విసురు దెబ్బకు అడ్డుపడేది నూనె బరువు. పలచటి నూనె, చిక్కటి నూనె రెండూ దాదాపు ఒకే బరువు తూగుతాయి. చిల్లు చిన్నదైతే అక్కడా అదే 27 శాతం పెరుగుతుంది. దాన్ని మాత్రం పలచటి నూనె తగ్గించలేదు. చేతికి కవలల్లా తోచిన రెండు షాకుల్లో ఒకటి మీటరు ఎత్తు నుంచి దిగినప్పుడు కారును మెత్తగా నిలబెడుతుంది. రెండోది లోతుగా దిగిపోయి అడుగు పలక నేలకు చరుచుకునేలా చేస్తుంది. అయితే మొదటిదే మంచిదని తొందరపడి తీర్మానించడానికి లేదు. గతుకుల మీద కథ తిరగబడుతుంది. చిన్న చిల్లుల షాకు ప్రతి గతుకుకీ బిగుసుకుంటుంది. కర్రలా మారిన షాకు చక్రాన్ని గుంతలోకి దిగనివ్వదు, గట్టు మీదికి మడవనివ్వదు. టైరు నేలను వదిలేస్తుంది. ఎంత ఖరీదైన టైరైనా గాల్లో ఉన్నంతసేపు పట్టు సున్నా. పెద్ద చిల్లులు, చిక్కటి నూనె వేసుకున్నవాడు అదే గతుకుల మీద నేలకు అంటుకుని పోతాడు, ఎత్తు నుంచి దూకిన ప్రతిసారీ అడుగు పలక చప్పుడు వింటాడు.

రెండూ కావాలంటే కుదరదు. చదునైన ట్రాకు, పెద్ద పెద్ద దూకుళ్లు ఉంటే చిన్న చిల్లులు. పగటి పందేలకు చిరిగిపోయిన, గాళ్లు పడిన మట్టి ట్రాకైతే పెద్ద చిల్లులు. పొద్దున చదునుగా ఉన్న ట్రాకు సాయంత్రం ఫైనల్ వేళకు గాళ్లమయమైతే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ఏది పోగొట్టుకోవడానికి సిద్ధమో ముందే తేల్చుకోవాలి. ముందు షాకుల్లో ఒక రకం, వెనక ఇంకో రకం వేసి రాజీ పడేవాళ్లూ ఉన్నారు.

ఎనిమిదో వంతు బగ్గీల్లో సిలిండర్లు లావు, చిల్లులూ ఎక్కువ. అక్కడ చిల్లుల సంఖ్య కూడా ఆటలోకి వస్తుంది. 1.4 మిల్లీమీటర్ల చిల్లులు ఆరు ఉన్న పిస్టన్‌ను, 1.2 చిల్లులు ఎనిమిది ఉన్న పిస్టన్‌ను పక్కపక్కన పెట్టండి. నూనె వెళ్లే దారి వైశాల్యం మొత్తం కలిపితే మొదటిదానిలో సుమారు 9.2 చదరపు మిల్లీమీటర్లు, రెండోదానిలో 9. దాదాపు సమానం కాబట్టి దూకినప్పుడు రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి. కానీ చిన్న చిల్లులు ఎక్కువైతే నూనె రాసుకునే గోడలూ ఎక్కువే. అదే నూనెతో మలుపుల్లో ఎనిమిది చిల్లుల పిస్టన్ దాదాపు 40 శాతం బరువుగా ఉంటుంది. అంటే దూకుడు తీరు చెడకుండా ఒరుగుడు వేగం ఒక్కటే మార్చుకోవచ్చన్నమాట. ఇది తెలియనివాడు 'చిల్లులు పెరిగాయి కదా, మెత్తబడుతుంది' అనుకుంటాడు. జరిగేది తిరకాసుగా ఉంటుంది.

ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా గరాటులా చిల్లులు చెక్కిన పిస్టన్లూ ఉన్నాయి. నూనె వెడల్పు వైపు నుంచి దూరితే సులువు, సన్న వైపు నుంచైతే కష్టం. కాబట్టి షాకు కుదించుకునేటప్పుడు ఒక తీరు, సాగేటప్పుడు ఇంకో తీరు వస్తుంది. ఏ వైపు పైకి పెట్టాలన్న దాని మీద జరిగే చర్చలు ఆవకాయలో నూనె పాళ్ల మీద జరిగే చర్చలంత తీవ్రంగా ఉంటాయి, అంతే అసంపూర్ణంగా ముగుస్తాయి.

డ్రిల్ బిట్టుతో ఇంట్లోనే చిల్లులు పెద్దవి చేసుకునేవాళ్లు ఈ లెక్కల్ని కష్టపడి నేర్చుకుంటారు. ప్లాస్టిక్ అంచు మీద మిగిలిపోయిన సన్నటి పొర, కొంచెం ఓరగా దిగిన బిట్టు చాలు, కుడి ఎడమ షాకుల మధ్య తేడా వచ్చేస్తుంది. అప్పుడు కారు ఎడమ మలుపులో బుద్ధిగా ఉండి కుడి మలుపులో తోక తిప్పుతుంది. యజమాని స్టీరింగ్‌ను తిడతాడు, టైరును తిడతాడు. పిస్టన్ చుట్టూ సిలిండర్ గోడకూ మధ్యనున్న సందు కూడా ఒక చిల్లే. అది అరిగి పెరిగితే ఎంత మంచి నూనె పోసినా సందులోంచి జారుకుంటుంది.

ఇక ఎండ సంగతి. సిలికాన్ నూనె మామూలు ఇంజన్ ఆయిల్ కంటే వేడిని బాగా తట్టుకుంటుంది. అయినా 20 డిగ్రీల నుంచి 40కి వెళ్తే దాని చిక్కదనం దాదాపు మూడో వంతు పడిపోతుంది. అంటే పిస్టన్ చిల్లును పదో వంతు మిల్లీమీటరుకు మించి పెద్దది చేసినంత తేడా. తమాషా ఏమిటంటే వేడికి నూనె బరువు అంతగా మారదు. కాబట్టి మధ్యాహ్నం ఎండలో కారు మలుపుల్లో ఊగిసలాడుతుంది, దూకినప్పుడు మాత్రం పొద్దుటిలాగే దిగుతుంది. వేసవిలో థాయ్‌లాండ్ ట్రాకు మీద నెగ్గినవాడి సెట్టింగుల కాగితం సంపాదించి యూరప్ చలికాలంలో షెడ్డు ట్రాకు మీద యథాతథంగా దించుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. దీనికి తోడు ఒక కంపెనీ 30 వెయిట్ ఇంకో కంపెనీ 30 వెయిట్‌తో సరిపోలదు. ఛాంపియన్ కాగితంలో అంకె ఉంటుంది, ఆనాటి ఉష్ణోగ్రత ఉండదు.

ఇంత తెలిసినవాళ్లు కూడా పందెం రోజున పిస్టన్ జోలికి వెళ్లరు. కారణం సాంకేతికం కాదు. పిస్టన్ మార్చాలంటే నాలుగు షాకులూ విప్పి నూనె ఒంపేయాలి, కడ్డీ చివరనున్న నలుసంత క్లిప్పు ఊడదీయాలి, కొత్త నూనె పోసి బుడగలు పైకి తేలేదాకా ఆగాలి. రెండు హీట్ల మధ్య దొరికే సమయం చాలామందికి దీనికి సరిపోదు. బుడగలు పోకముందే మూత బిగిస్తే షాకులో నూనెకు బదులు నురగ ఉంటుంది, ఉన్నదీ పోతుంది. అందుకని స్ప్రింగు మారుస్తారు, టైరు మారుస్తారు, షాకును పై చిల్లు నుంచి కింది చిల్లుకు మారుస్తారు. కారును జానెడు ఎత్తు నుంచి బల్ల మీద వదిలి, చప్పుడు విని తలూపుతారు. జానెడు ఎత్తు నుంచి పడిన కారు తన నెమ్మది గుణాన్నే చూపిస్తుంది. ట్రాకు మీద మీటరు ఎత్తులో బయటపడే గుణం ఆ బల్ల దగ్గర వినిపించదు. రాత్రి ఇంటికెళ్లాక, నూనె మరకల పాత తుండు పరుచుకుని, కాలిపర్స్ పట్టుకుని, అప్పుడు విప్పుతారు ఆ గుండీని.