వెయ్యి గజాలు

మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు బడి మానేసిందని నాకు తెలిసింది, ఆ పిల్ల మా వంటింట్లో గిన్నెలు తోముతూ కనిపించిన రోజున. "ఇవాళ బడి లేదా?" అన్నాను. తల వంచుకుంది. తల్లే చెప్పింది.

"ఈడ ఏడు దాకనే ఉన్నది మేడం. పెద్దబడి హైవే అవతల. ఒక ఆటో దిగి, రోడ్డు దాటి, మల్ల ఇంకో ఆటో ఎక్కాలె. ఆడపిల్లనెట్ల పంపాలె?"

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకూ మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలంటుంది. మ్యాపులో చూస్తే ఈ పెద్దబడి రెండున్నర కిలోమీటర్లే. మధ్యలో హైవే ఉందన్న సంగతి స్కేలుకి తెలీదు కదా.

మియాపూర్ దాటాక ఉన్న ఈ కాలనీకి మేం 2009లో వచ్చాం. అప్పుడు చుట్టూ బండరాళ్ళూ, తుమ్మచెట్లూ. ఇప్పుడు బాల్కనీలోంచి ఆకాశం చూడాలంటే మెడ పూర్తిగా ఎత్తాలి. ఈ అంతస్తులన్నీ కట్టింది పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. కట్టడం అయిపోయాక చాలామంది ఆడవాళ్ళు అవే ఇళ్ళలో పనికి కుదురుకుని వెనకాల రేకుల గదుల్లో ఉండిపోయారు. బడి మాత్రం ఇది పల్లెగా ఉన్నప్పటిదే.

వీళ్ళంతా ఏ లెక్కలో ఉన్నారు? చివరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగాల్సింది జరగలేదు. తర్వాతి జనగణనకి 2027 అని ప్రకటించారు. ఈలోపు ఇక్కడ పుట్టిన పిల్ల ఏడో తరగతి చదివి మానేసింది కూడా. ఆస్పత్రులు మంజూరు చేసేది జనాభాని బట్టే. నిబంధనల్లో ఇంకో తమాషా ఉంది. మైదాన ప్రాంతపు పల్లెల్లో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి, పట్టణాల్లో 50 వేల మందికి ఒకటి. అంటే ఊరు పట్నమైతే డాక్టరు ముందు క్యూ పెరగడమూ నిబంధన ప్రకారమే.

2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. అవి మంచివే. బీపీ మాత్రలకి ఆమె అక్కడికే వెళ్తుంది, అదీ పని ఎగ్గొట్టిన రోజున. మూడిళ్ళ పని ముగించుకుని వచ్చేసరికి అది మూసేస్తారు. కాన్పులు అక్కడ చేయరు. ఆమె కోడలికి ఎనిమిదో నెల రాగానే పుట్టింటికి పంపింది. అది ఆచారమేననుకున్నాను నేను. "ఆడ సర్కారు దవాఖాన దగ్గర మేడం" అంది.

నా జీతం నుంచి కోసే ఆదాయపు పన్ను మీద ఆరోగ్య, విద్యా సెస్సు నాలుగు శాతం ఉంటుంది. 2018 వరకూ అది మూడు శాతం, పేరు విద్యా సెస్సు. రాష్ట్రాలకి పంచే పన్నుల వాటాలో ఈ సెస్సుని కలపరు. ఇవన్నీ స్టాఫ్‌రూంలో గట్టిగా మాట్లాడతాను. పన్ను కడుతున్నాను, బళ్ళేవీ, ఆస్పత్రులేవీ అని.

కానీ ఆ పిల్ల గిన్నెలు తోముతుంటే నాకు గుర్తొచ్చింది సెస్సు కాదు, నా సంతకం.

మా కాలనీ వెనక వెయ్యి గజాల సర్కారు జాగా ఉండేది. ఏడో తరగతి దాకా ఉన్న బడికి అక్కడ అదనపు గదులు కట్టమని బస్తీవాళ్ళు అడుగుతున్నారు. 2016లో మా అసోసియేషన్ దాన్ని పార్కు చేయమని అర్జీ పెట్టింది. బడి వస్తే గోల అన్నారు, సందు ఇరుకు అన్నారు. ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని ఎవరూ పైకి అనలేదు. కాగితం నా దగ్గరికి వచ్చింది. ఆ వారమే క్లాసులో సావిత్రీబాయి ఫూలే గురించి చెప్పాను. పార్కు కూడా అవసరమే కదా అనుకుని సంతకం చేశాను. పెన్ను కూడా నాదే.

పార్కు బాగుంది. పొద్దున్నే నడుస్తాను అక్కడ. తాళంచెవి మా వాచ్‌మన్ దగ్గర ఉంటుంది కాబట్టి బస్తీ పిల్లలు లోపలికి రారు.

ఈ మాట ఆమెకి చెప్పడానికి నాకు పదిరోజులు పట్టింది. విని, చీపురు పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. "మీరొక్కరు చెయ్యకుంటే ఆగుతుండెనా మేడం?" అంది. అది క్షమో, నా మాటకి విలువెంతో చెప్పడమో నాకు ఇప్పటికీ తెలీదు.

పార్కులో సగం బడికి ఇవ్వాలనీ, అప్పటిదాకా పెద్దబడికి వెళ్ళే ఆడపిల్లలకి ఉదయం, సాయంత్రం ఒక బస్సు నడపాలనీ అర్జీ రాశాను. ఆమె బస్తీలో తిప్పింది, నేను కాలనీలో తిప్పాను. ఇప్పటికి నలభై ఒక్క సంతకాలూ వేలిముద్రలూ. మా కాలనీవి రెండు. అందులో ఒకటి నాది.