అరటి కర

మా ఐ.పోలవరంలో నాన్న పాత కారు అద్దెకి తిప్పుతారు. నా ఫీజు కోసం మొన్న దాన్ని అమ్మకానికి పెట్టారు. చూడ్డానికొచ్చినాయన తలుపు లోపల, సీటు మీద నల్లటి చుక్కలు చూసి “కిళ్ళీ మరకలండీ ఇవి” అంటూ ధర బాగా తగ్గించేశాడు. నాన్న కిళ్ళీ ముట్టరు. షాంపూతో ఎంత తోమినా ఆ చుక్కలు పోలేదు.

నాయనమ్మ ఒక్కటే అడిగింది: “పెళ్ళికి రావులపాలెం నుంచి గెలలు ఏసుకొచ్చింది ఇందులోనేగా?”

అరటి కర! కోసిన కాడ నుంచి కారేటప్పుడు నీళ్ళలా ఉంటుంది, ఎవరి కంటా పడదు. అందులోని టానిన్లు గాలి తగిలి ఆక్సీకరణం చెందాక నల్లబడతాయి. కెమిస్ట్రీ చదివింది నేను, పట్టుకుంది ఆవిడ.

మీకూ పనికొస్తుంది, వినండి. ప్లాస్టిక్ మీద కొబ్బరినూనె రాసి, కాసేపు నాననిచ్చి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచాం. చాలావరకు వదిలింది. థిన్నర్ జోలికి మాత్రం పోకండి, ప్లాస్టిక్ పాడవుతుంది. సీటు గుడ్డలోకి ఇంకిన రెండు చుక్కలు ఏం చేసినా పోలేదు.

ఆయన మళ్ళీ వచ్చినప్పుడు నాన్న వాటిని తనే చూపించి “అరటి కరండీ” అన్నారు. ఆయనా కోనసీమ మనిషే. వేలితో ఓసారి రుద్ది చూసి నవ్వాడు. బేరం సగంలో తెగింది. ఫీజుకి సరిపోయింది.