సాక్ష్యం చెప్పాక చేయవలసిన పని



ఈ వారం మన సంఘపు బండి గురించి రాస్తున్నాము. అయ్యగారు వాక్యం వదిలేసి మెకానిక్ పని పట్టారా అని నవ్వుకోకండి. మన డీజిల్ పికప్‌కు కొత్తగా ఎగ్జాస్ట్ బ్రేకు బిగించాము. ఖర్చయింది మీ కానుకల సొమ్ము కనుక లెక్క చెప్పాలి. అంతకన్నా ముందు చెప్పవలసిన లెక్క మరొకటి ఉంది. అది మా లెక్క.

డిసెంబరులో చింతపల్లి పైనున్న పల్లెల్లో సెమీ క్రిస్మస్ కూడిక పెట్టుకున్నాము. దుప్పట్లు పంచాము, పిల్లలు పాటలు పాడారు, భోజనాలయ్యాయి. తిరిగి బయలుదేరేసరికి పొద్దు వాలింది. లంబసింగి దాటి నర్సీపట్నం వైపు ఘాట్ దిగుతున్నాము. బండి వెనుక మైకు సెట్టు, జనరేటరు, కుర్చీలు, వాటి మధ్య మన సంఘస్థులు తొమ్మిది మంది. సామాను బండిలో మనుషులను ఎక్కించకూడదని మాకు తెలుసు. ఎప్పటిలాగే ఈ ఒక్కసారికి అనుకున్నాము.

నాలుగైదు మలుపులు దిగాక కమురు వాసన వచ్చింది. మరో మలుపు దగ్గర బండి నడుపుతున్న తమ్ముడు "అయ్యగారూ, బ్రేకు కిందికి పోతోంది" అన్నాడు. పెడల్ నేలకు తగులుతోంది, బండి మాత్రం ఆగడం లేదు. ఎడమ పక్క లోయ. అతను పెడల్‌ను మళ్లీ మళ్లీ తొక్కుతూ, గేరును బలవంతంగా కిందికి లాగి, హ్యాండ్ బ్రేకు ఎత్తి, బండిని కుడివైపు కొండ అంచు కాలువలోకి తోశాడు. బానెట్టు పక్కంతా రాళ్లకు గీరుకుపోయి బండి ఆగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు. ఒక అవ్వకు మణికట్టు వాచింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆదివారం ఆరాధనలో మేము సాక్ష్యం చెప్పాము. దేవుడు తన దూతలను పంపి కాపాడాడని చెప్తుంటే సంఘమంతా కన్నీళ్లతో స్తోత్రం చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. ఈ రోజుకీ అదే నమ్ముతున్నాము. కానీ ఆరాధన ముగిశాక మణికట్టుకు కట్టు కట్టుకున్న ఆ అవ్వ మందిరం గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "అయ్యగారూ, దేవుడు కాసినాడు, కాదనను. మరి వచ్చే నెల మళ్లీ ఎల్తారు గదా. ఈపాలి దిగినప్పుడు ఏటి సేత్తారు?"

మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసుకుని వెళ్తాము అన్నాము. అవ్వ తల ఊపి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే బండిని నర్సీపట్నంలో మనకు తెలిసిన మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకువెళ్లాము. ముప్పై ఏళ్లకు పైగా లారీలు బాగుచేస్తున్న మనిషి. బండి కిందికి దూరకముందే మూడు ప్రశ్నలు అడిగాడు. "బరువెంత పాస్టర్ గారూ? బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఏ గేరులో దిగారు?"

బరువు ఉజ్జాయింపుగా చెప్పాము. ఆయిల్ ఎప్పుడు మార్చామో గుర్తు లేదన్నాము. మూడో ప్రశ్నకు తమ్ముడు నేల చూపులు చూశాడు. వారం రోజులుగా అతను మౌనంగానే ఉన్నాడు. కుర్రాడికి ఘాట్ అలవాటు లేదు, అయ్యగారి పుణ్యాన బతికాము అని సంఘంలో కొందరు అనుకుంటున్న మాట అతని చెవిన పడింది. ఆదివారం డ్రమ్స్ వాయించడానికి కూడా ముందుకు రాలేదు. అయినా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అప్పుడు మేము నోరు తెరిచాము. "న్యూట్రల్‌లో దిగాము భాయ్. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ వేయమన్నది మేమే."

సాక్ష్యంలో దూతల గురించి చెప్పాము. ఈ మాట చెప్పలేదు.

భాయ్ మమ్మల్ని తప్పుపట్టలేదు. ఒక స్టూలు వేసి కూర్చోబెట్టి వివరించాడు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే పంపు డీజిల్ ఇవ్వడం ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే మేము పొదుపు అనుకున్నది పొదుపే కాదు. పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడేశాము.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క వేశాము. రెండున్నర టన్నుల బండి 800 మీటర్ల ఎత్తు నుంచి దిగితే పుట్టే వేడి 60 లీటర్లకు పైగా నీళ్లను మరిగించగలదు. గాలికీ రోడ్డుకూ పోయే కొంత పోగా, మిగిలినదంతా నాలుగు చక్రాల దగ్గరున్న చిన్న బ్రేకులు భరించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కైతే ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి. కాలు తొక్కితే ఆ బుడగలే నలుగుతాయి తప్ప బ్రేకు పట్టదు. ఆ మలుపు దగ్గర జరిగింది ఇదే.

మరి ఎగ్జాస్ట్ బ్రేకు దేనికి? పెట్రోల్ ఇంజన్‌లో కాలు తీయగానే గాలి వెళ్లే దారిలో ఒక రేకు మూసుకుంటుంది, దానివల్ల బండికి కొంత పట్టు దొరుకుతుంది. మన పాత డీజిల్ ఇంజన్‌లో అలాంటి రేకు లేదు. అందుకని పొగగొట్టంలో, టర్బో తర్వాత, మూసి తెరిచే ఒక రేకు పెడతారు. అది మూసుకుంటే పొగ బయటికి పోలేక వెనక్కి నెడుతుంది, పిస్టన్లు ఆ ఒత్తిడికి ఎదురు పని చేయాలి. బండిని లాక్కెళ్లే ఇంజనే బండిని పట్టుకుంటుంది. చక్రాల బ్రేకులు చల్లగా, అవసరానికి సిద్ధంగా ఉంటాయి.

ఏది ఎంచుకోవాలన్న దగ్గర మాకు ఆశ పుట్టింది. ఒక ఇనుప సామాను కొట్టులో చవకగా రేకు కోసి చేసిస్తామన్నారు. భాయ్ ఒప్పుకోలేదు. ఒత్తిడి హద్దు దాటితే ఎగ్జాస్ట్ వాల్వుల స్ప్రింగులు దాన్ని ఆపలేవు. వాల్వులు తెరుచుకుని పిస్టన్‌కు తగిలితే ఇంజను పోతుంది. అందుకే సరైన రేకులో కొలిచి వేసిన చిన్న రంధ్రం ఉంటుంది, ఎక్కువైన ఒత్తిడి అందులోంచి పోతుంది. ఇంజను కంపెనీ చెప్పిన హద్దుకు సరిపడేదే కొనాలన్నాడు. లారీలకైతే గాలి ట్యాంకు ఉంటుంది కనుక గాలితో పనిచేసే రకం పెడతారు. మనది వాక్యూమ్ బ్రేకుల బండి కనుక వాక్యూమ్‌తో పనిచేసే రకం తెప్పించాము.

మీలో సొంత బండ్లు ఉన్నవారికి ఒక మాట. ఇలాంటి మార్పుకు ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. మేమూ అడిగి, కాగితం చేతికి వచ్చేవరకు ఆగాము. కొత్త బీఎస్-6 బండ్ల పొగగొట్టంలో వడపోతలు, సెన్సార్లు ఉంటాయి. వాటిని కోయించకండి.

భాయ్ మొదట ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టె విప్పనే లేదు. "ముందు ఉన్న బ్రేకులు బాగుచేయాలి పాస్టర్ గారూ. అవి చెడిపోయి ఉండగా ఇది పెడితే మోసం" అన్నాడు. ముందు చక్రాల ప్యాడ్లు, వెనుక చక్రాల లైనర్లు, ఆయిల్ అంతా మార్చాడు. రెండో రోజు గొట్టం కోసి, ఫ్లాంజీలు వెల్డింగ్ చేసి, రేకు బిగించాడు. దానికి వెళ్లే వాక్యూమ్ గొట్టంలో ఒక చెక్ వాల్వు పెట్టాడు, మామూలు బ్రేకులకు అందే బలం ఇది దొంగిలించకుండా. యాక్సిలరేటర్ దగ్గర ఒక స్విచ్, క్లచ్ దగ్గర ఒక స్విచ్, డాష్‌బోర్డు మీద ఒకటి. రెండు పెడల్స్ మీద నుంచీ కాలు తీస్తేనే రేకు మూసుకుంటుంది. చివరగా గేజీ పెట్టి ఒత్తిడి కొలిచి, హద్దు లోపలే ఉందని మాకు చూపించాడు.

బండి ఖాళీగా ఘాట్ ఎక్కి దిగాము. పైన మలుపు మొదలవకముందే తమ్ముడు రెండో గేరు వేసి స్విచ్ నొక్కాడు. కింద నుంచి బుస కొట్టినట్టు శబ్దం వచ్చింది, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది. కిందికి వచ్చాక భాయ్ చక్రం మీద నీళ్లు చల్లాడు. ఆవిరి రాలేదు. అయినా జాగ్రత్త చెప్పాడు: ఇది వెనుక చక్రాలనే పడుతుంది కనుక తడి రోడ్డు మీద, మంచులో మెల్లగా వెళ్లాలి. ఆగిన బండిని ఇది నిలపదు. గేరు పైన ఉంటే దీని బలం తగ్గుతుంది, కనుక దిగకముందే గేరు తగ్గించాలి.

తర్వాత ఒక సంగతి చదివాము. అమెరికాలో క్లెస్సీ కమిన్స్ అనే డీజిల్ ఇంజన్ల తయారీదారుడు 1931లో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుండగా ఆయన ట్రక్కు బ్రేకులు పోయాయి. కింద పట్టాల మీద వెళ్తున్న రైలును కొద్దిలో తప్పించుకున్నాడు. తప్పించుకున్నానని అక్కడితో వదిలేయలేదు. వృద్ధాప్యంలో ఇంజనుతోనే బండిని ఆపే మరో రకం బ్రేకును కనిపెట్టాడు. 1961 నుంచి జేకబ్స్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మింది. మన దానికీ దానికీ పనితీరు వేరు. కానీ ఆ మనిషి చేసిన పని మమ్మల్ని ఆలోచింపజేసింది. తనకు దొరికిన విడుదలను ఇతరులకు కాపుదలగా మార్చాడు.

ప్రియులారా, మత్తయి సువార్త 4వ అధ్యాయం మీకు తెలిసినదే. సాతాను యేసయ్యను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు. వాడు చూపించింది లేఖనమే. దూతలున్నది నిజమే. అయినా ప్రభువు దూకలేదు. తండ్రిని శోధించనని చెప్పాడు. మేము చాలాసార్లు ఈ భాగం మీద ప్రసంగించాము. కానీ తొమ్మిది మందిని వెనుక కూర్చోబెట్టుకుని, న్యూట్రల్ వేయించి, ఆ శిఖరం నుంచి మేమే దూకామని ఆ రోజు వరకు గ్రహించలేదు. ప్రభువు తన ఒక్కడి ప్రాణంతో కూడా చేయని పనిని మేము తొమ్మిది మంది ప్రాణాలతో చేశాము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది. కొత్త ఇల్లు కట్టుకుంటే పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా అక్కడి నుంచి పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది. పడేవారిని దేవుడే పట్టుకుంటాడులే అని మోషే చెప్పలేదు. గోడ కట్టమన్నాడు. ఆ గోడ కట్టడం కూడా దేవునికి లోబడటమే.

మన ఇళ్లలోనూ ఇదే చూస్తున్నాము. ప్రార్థనతో జ్వరం తగ్గిందని సాక్ష్యం చెప్పి షుగరు మాత్రలు మానేసేవారున్నారు. బైకు మీద నుంచి పడి బతికిన కొడుకు కోసం స్తోత్రార్పణ ఇచ్చి, హెల్మెట్ మాత్రం కొనని తల్లిదండ్రులున్నారు. దేవుడు చేసిన మేలును సంతోషంగా చెప్పుకుంటాము. ఆ మేలు తర్వాత మన చేతుల్లో మిగిలిన పనిని మరచిపోతాము. మొదట మరచిపోయింది మేమే కనుక ఎవరినీ గద్దించే అర్హత మాకు లేదు.

కిందటి ఆదివారం ఆరాధనలో తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని మిగిలిన సాక్ష్యం చెప్పాము. న్యూట్రల్ వేయమన్నది మేమేనని, బండిని కొండవైపు తిప్పి అందరినీ బతికించింది ఇతని చేతులేనని, వారం రోజులు ఇతను మా తప్పును మోశాడని చెప్పి సంఘం ముందు క్షమాపణ అడిగాము. అతను ఏడ్చాడు, మేమూ ఏడ్చాము. ఆ తర్వాత వెళ్లి డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు.

ఇకపై బండి వెనుక సామాను మాత్రమే వెళ్తుంది. పైకి వచ్చేవారికి ఆర్టీసీ టికెట్టు సంఘమే ఇస్తుంది. ఖర్చు రసీదులు మందిరంలో పెట్టాము, చూడండి. అవ్వ ఇంటికి వెళ్లి జవాబు చెప్పి వచ్చాము. "ఇప్పుడు బాగుంది. ఇంక పార్దన సేసి ఎల్లండి" అంది.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న తండ్రీ, మా అవివేకంలో కూడా మమ్మల్ని విడువనందుకు స్తోత్రం. మీరు చూపిన కృపను నిర్లక్ష్యానికి సాకుగా చేసుకోకుండా మమ్మల్ని కాపాడండి. మీరు మాకు అప్పగించిన ప్రాణాలను జాగ్రత్తగా మోసే మనసు మాకివ్వండి. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.